తాంబూలాలకు తొందర, స్కోరుకు తికమక: అమెరికా కాలేజీ దరఖాస్తులో ముందు తేలాల్సింది ఏది?

ఏటా సెప్టెంబరు వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. ఒకటి డల్లాస్ పక్కన ఫ్రిస్కో నుంచి: "అన్నయ్యా, వాడికి శాట్‌లో 1460 వచ్చింది. పంపమంటావా, దాచమంటావా?" (శాట్ అంటే అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్ష, 1600కి మార్కులు.) రెండోది హైదరాబాద్ నుంచి: "ఎర్లీలో వేస్తే సీటు గ్యారంటీ అంటున్నాడు కన్సల్టెన్సీ అతను. నిజమేనా బావా?" (ఎర్లీ అంటే మామూలు గడువు కన్నా ముందే దరఖాస్తు పెట్టడం.) ఇద్దరికీ నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే: "ఏడాదికి ఎంత కట్టగలరు?" అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత కాస్త విసుగు వినిపిస్తుంది. "నేనడిగింది స్కోరు సంగతి కదా!"

స్కోరు సంగతి, తేదీ సంగతి, డబ్బు సంగతి మూడు వేర్వేరు విషయాలనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఏ తేదీకి దరఖాస్తు చేస్తారన్న దాన్నిబట్టి చేతిలో ఏ స్కోరు ఉంటుందో తేలుతుంది. ఎంత స్కోరుందన్న దాన్నిబట్టి తొందరపడటంలో అర్థముందో లేదో తెలుస్తుంది. ఇక తొందరపడి మాటిచ్చే స్తోమత ఉందా లేదా అనేది డబ్బు చెబుతుంది. మనవాళ్లు మాత్రం డబ్బును చివరికి వదిలేసి, ఈ లెక్కను స్కోరు నుంచి మొదలుపెడతారు.

ముందుగా స్కోరు.

కొవిడ్‌తో పరీక్షా కేంద్రాలు మూతపడ్డప్పుడు, 2020లో, పేరున్న కాలేజీలు దాదాపుగా అన్నీ "స్కోరుంటే పంపండి, లేకపోతే ఫర్వాలేదు" అనేశాయి. ఆ మాట మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నిజానికి ఆ రోజులు పోయాయి. ఎంఐటీ 2022 మార్చిలోనే పరీక్షను తిరిగి తప్పనిసరి చేసింది. అక్కడ ఏ బ్రాంచి వాళ్లయినా క్యాలుక్యులస్, ఫిజిక్స్ చదివి తీరాలి. స్కోరు లేకుండా ఆ బరువు ఎవరు మోయగలరో చెప్పడం కష్టంగా ఉందన్నది వాళ్ల వాదన. 2024లో వరస కట్టారు: ఫిబ్రవరిలో డార్ట్‌మత్, యేల్, మార్చిలో బ్రౌన్, ఏప్రిల్‌లో హార్వర్డ్, కాల్‌టెక్, కార్నెల్, జూన్‌లో స్టాన్‌ఫర్డ్. 2025 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కూడా ఆ దారి పట్టింది. ప్రిన్స్‌టన్ 2027-28 దరఖాస్తుల నుంచి తప్పనిసరి అని ప్రకటించింది. యేల్ కొంచెం వెసులుబాటు ఇచ్చి, శాట్ లేదా దానిలాంటిదే అయిన ఏసీటీ బదులు, హైస్కూల్లో పైస్థాయి పాఠాలకు రాసే ఏపీ, ఐబీ పరీక్షల మార్కులైనా సరేనంది. కొలంబియా మాత్రం ఎదురు దారిలో నడిచి, పరీక్ష ఎప్పటికీ ఐచ్ఛికమేనని 2023లో చెప్పింది.

కాలిఫోర్నియా సంగతి పూర్తిగా వేరు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగోతో సహా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లన్నీ స్కోరు పంపినా చూడవు. 1600కి 1600 వచ్చినా అక్కడ ఆ కాగితం చెల్లదు. దీన్ని "ఐచ్ఛికం"తో కలిపి మాట్లాడేవాళ్లు చాలామంది. రెండూ ఒకటి కాదు.

అంటే "పంపాలా, దాచాలా" అనే ప్రశ్న నిజంగా పుట్టేది ఐచ్ఛికమన్న కాలేజీల దగ్గరే. అక్కడ ఒక ఉచ్చు ఉంది. కాలేజీలు తమ వెబ్‌సైట్లో "మా విద్యార్థుల్లో మధ్య సగం మంది స్కోర్లు ఇంత నుంచి ఇంత వరకు" అని వేస్తాయి. ఒక కాలేజీలో చేరిన వెయ్యి మందిలో నాలుగొందల మందే స్కోరు పంపారనుకుందాం. పంపినవాళ్లు మంచి స్కోరున్నవాళ్లే కదా, తక్కువొచ్చినవాళ్లు ముందే దాచుకున్నారు. కాబట్టి కింది గీత 1490 అని కనిపిస్తే అది ఆ నాలుగొందల మందిది, వెయ్యి మందిది కాదు. 1470 వచ్చిన పిల్ల దాన్ని చూసి బెదిరిపోయి దాచేస్తుంది. వచ్చే ఏడాది ఆ గీత ఇంకొంచెం పైకి జరుగుతుంది. పిల్లలు దాచేకొద్దీ గీత పెరుగుతూ పోయే ఆట ఇది.

దీన్ని ఛేదించడానికి ఉచితంగా దొరికే పత్రం ఒకటుంది: కామన్ డేటా సెట్. కాలేజీ పేరు పక్కన ఆ మాట కొట్టి వెతికితే చాలా కాలేజీలవి దొరుకుతాయి. అందులో సీ9 అనే భాగంలో ఎంత శాతం మంది స్కోరు పంపారో ఉంటుంది. సీ7లో మార్కులు, పరీక్షలు, వ్యాసాలు, సిఫార్సు లేఖలు ఒక్కొక్కదానికి కాలేజీ ఎంత విలువ ఇస్తుందో ఉంటుంది. సీ21లో ఎర్లీ డెసిషన్‌కు ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరికి సీటిచ్చారు అన్న లెక్క. హెచ్6లో విదేశీ విద్యార్థులకు ఇచ్చిన ఆర్థిక సాయం. కన్సల్టెన్సీకి లక్షలు పోసే ముందు ఈ నాలుగు గళ్లు చూసుకుంటే చాలు, ఎదుటివాడు చెప్పేది సరుకో, సొల్లో తెలిసిపోతుంది.

2024 మొదట్లో డార్ట్‌మత్ అధ్యాపకులు నలుగురు (ముగ్గురు ఆర్థికవేత్తలు, ఒక సామాజికశాస్త్రవేత్త) తమ కాలేజీ లెక్కలే తీసి చూశారు. అంతగా వసతుల్లేని నేపథ్యం నుంచి వచ్చిన పిల్లలు, 1400ల్లో వచ్చిన స్కోర్లను, పంపితే లాభించేవాటిని, తక్కువనుకుని దాచేస్తున్నారని తేలింది. కారణం తేలికే. అడ్మిషన్ ఆఫీసు స్కోరును ఒంటరిగా చదవదు, ఆ పిల్ల చదివిన బడి పక్కన పెట్టి చదువుతుంది. బడి సగటు వెయ్యి దగ్గరున్న చోట 1400 గొప్పే. అదే 1400 ఫ్రిస్కోలోనో, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోనో వస్తే ఎవరూ తలెత్తి చూడరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లకు ఈ శాపం ఉంది. మంచి బడుల కోసమని ఎగబడి ఇళ్లు కొనుక్కున్న చోటే కొలమానం కూడా పెరిగి కూర్చుంటుంది.

ఇక హైదరాబాద్, విజయవాడ పిల్లల సంగతి. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఐచ్ఛికమని రాసి ఉన్నా, రాష్ట్ర బోర్డు నుంచి వెళ్లే పిల్లలు పరీక్ష రాయడమే మంచిది. ఇంటర్ ఎంపీసీలో 1000కి 980 తెచ్చుకున్నవాళ్లు మన దగ్గర వీధికొకరుంటారు. బోస్టన్‌లో కూర్చుని ఫైలు చదివే ఉద్యోగికి 980కి, 950కి తేడా ఏమిటో అంతుపట్టదు. కార్పొరేట్ కాలేజీ పేరు కూడా వాళ్లకు తెలియదు. అలాంటి ఫైల్లో అమెరికా బడి పిల్లల పక్కన పెట్టి పోల్చడానికి వీలైనది శాట్ ఒక్కటే. దాన్ని తీసేస్తే ఇక మిగిలేది గాలిలో దీపం.

పైగా మన పిల్లలకు ఇది అనుకున్నంత కొరకరాని కొయ్య కాదు. విదేశాల్లో 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి శాట్ పూర్తిగా కంప్యూటర్ మీదే. మొత్తం 2 గంటల 14 నిమిషాలు, 98 ప్రశ్నలు. ఇంగ్లిష్ 64 నిమిషాలు, లెక్కలు 70 నిమిషాలు. ఒక్కోటి రెండు ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్క బాగా చేస్తేనే రెండోది కఠినంగా వస్తుంది, పైస్కోరు దొరికేది ఆ దారిలోనే. జేఈఈకి తయారవుతున్న పిల్లాడికి ఇందులో లెక్కలు నల్లేరు మీద బండి నడక. అతను తడబడేది చిన్న చిన్న ఇంగ్లిష్ పేరాల దగ్గర. ఇంకో అలవాటు మార్చుకోవాలి. జేఈఈ మెయిన్‌లో తప్పు చేస్తే మార్కు కోస్తారు కాబట్టి తెలియనిది వదిలేయడం మనవాళ్ల నరనరాన జీర్ణించుకుపోయింది. శాట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

శాట్ మేలా, ఏసీటీ మేలా అన్న చర్చకు అంత సీను లేదు. రెండిటికీ కాలేజీలు ఒకే విలువ ఇస్తాయి. నమూనా పరీక్ష చెరొకటి రాసి, ఏది చేతికి వాటంగా ఉంటే దాన్నే పట్టుకోవాలి. 2025 నుంచి ఏసీటీ పొట్టిదైంది, సైన్స్ భాగం ఐచ్ఛికమైంది. ఎన్నిసార్లు రాయాలి? రెండుసార్లు, మహా అయితే మూడు. చాలా కాలేజీలు వేర్వేరు రోజుల్లో వచ్చిన మంచి మార్కులను కలిపి చూస్తాయి, దాన్నే సూపర్‌స్కోర్ అంటారు. జార్జ్‌టౌన్ లాంటివి మాత్రం రాసినవన్నీ పంపమంటాయి. ఇండియాలో ఒక్కసారి రాయాలంటే వంద డాలర్ల పైమాట, ఆ సంగతీ గుర్తుండాలి.

తాంబూలాలు, పెళ్లిచూపులు

ఇప్పుడు తేదీలు. ఇక్కడ పేర్లన్నీ ఒకేలా వినిపించి తల తిరుగుతుంది కాబట్టి మన పద్ధతిలో చెబుతాను.

ఎర్లీ డెసిషన్ అంటే తాంబూలాలు పుచ్చుకోవడం. నవంబరు 1 ప్రాంతంలో ఒకే ఒక కాలేజీకి "మీరిస్తే వచ్చి తీరతాను" అని రాసిస్తారు. విద్యార్థి, తల్లో తండ్రో, బడి కౌన్సెలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. డిసెంబరు నడుమ సీటొస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. బ్రౌన్, కార్నెల్, కొలంబియా, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా, డ్యూక్, నార్త్‌వెస్టర్న్‌లవి ఈ పద్ధతి. జనవరిలో రెండో విడత తాంబూలాలూ ఉన్నాయి: వాండర్‌బిల్ట్, షికాగో, ఎన్‌వైయూ, ఎమరీ వగైరా.

ఎర్లీ యాక్షన్ అంటే ఉత్త పెళ్లిచూపులు. ముందే వెళతారు, ముందే కబురొస్తుంది, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. ఎన్ని చోట్లకైనా వెళ్లవచ్చు. ఎంఐటీ, పర్డ్యూ, ఇలినాయ్, జార్జియా టెక్ ఇలాంటివి. మిషిగన్‌లో ఇది ఎప్పటినుంచో ఉంది, 2025లో పక్కన ఎర్లీ డెసిషన్ కూడా పెట్టారు. ఈ రెండింటి నడుమ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది ఓ పెద్దింటి తరహా: మాట ఇవ్వక్కర్లేదు గానీ, మా ఇంటికి వచ్చేటప్పుడు వేరే ప్రైవేటు గడప ముందుగా తొక్కకూడదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వెళ్లి రావచ్చు, అభ్యంతరం లేదు.

"ఎర్లీలో వేస్తే గ్యారంటీ" అన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఒక ఉదాహరణ చూద్దాం. 2023-24లో బ్రౌన్‌కు ఎర్లీ డెసిషన్‌లో 6,244 మంది దరఖాస్తు చేస్తే 898 మందికి సీటొచ్చింది. అంటే నూటికి 14. అన్నీ కలిపి 48,881 దరఖాస్తులు, 2,521 సీట్లు, నూటికి 5. ఎర్లీ వాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లకు దక్కింది నూటికి నాలుగు లోపే. చూడగానే మూడున్నర రెట్లకు పైగా లాభం కనిపిస్తుంది. కానీ ఆ 898లో ఎవరున్నారు? కోచ్ ముందే మాటిచ్చిన క్రీడాకారులు, తల్లిదండ్రులు అదే కాలేజీలో చదివిన పిల్లలు, ఏళ్ల తరబడి ఖరీదైన కౌన్సెలర్ల చేతుల్లో తయారైనవాళ్లు. వీళ్లను పక్కన పెడితే మామూలు పిల్లకు మిగిలే లాభం ఆ అంకె చెప్పేదాని కన్నా తక్కువ. బొత్తిగా లేదని కాదు. కాలేజీకి కావలసింది తప్పకుండా వచ్చే విద్యార్థి, ఆ హామీకి అది కొంత ధర కడుతుంది. గ్యారంటీ మాత్రం ఎక్కడా లేదు, నూటికి 86 మందికి ఆ విడతలో సీటు రాలేదు.

ఆ ధర ఎవరి జేబులోంచి వస్తుందన్నది వేరే ప్రశ్న. మాటిచ్చేశాక బేరమాడే వీలుండదు. ఈ పద్ధతి పోటీని చంపి ఫీజులు దిగిరాకుండా చేస్తోందంటూ 2025 ఆగస్టులో కొందరు విద్యార్థులు 32 కాలేజీల మీద మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ఆర్థిక సాయం చాలకపోతే ఒప్పందం నుంచి బయటపడే దారి ఉందన్నది నిజమే. కానీ ఆ దారిలో బయటపడ్డవాళ్లకు చేతిలో ఇంకో కాలేజీ ఉత్తరం ఉండదు, పోల్చుకోవడానికి.

అందుకే మొదటి ప్రశ్న డబ్బు

పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, వసతి, భోజనం కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది. 2015లో డాలరు 65 రూపాయల చుట్టూ ఉండేది, 2025లో 85 దాటింది. ఆ లెక్కన ఏడాదికి 76 లక్షలు, నాలుగేళ్లకు మూడు కోట్ల పైనే. నాలుగేళ్లలో ఫీజూ పెరుగుతుంది, డాలరూ ఊరికే కూర్చోదు.

అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ప్రతి కాలేజీ వెబ్‌సైట్లో ఖర్చు అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలుక్యులేటర్ ఉంటుంది. ఎర్లీ డెసిషన్ సంతకానికి ముందు అరగంట దానిమీద పెట్టనివాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంటి రంగుకు నాలుగు కొటేషన్లు తెప్పించుకునే మనుషులే!

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు లెక్క ఇంకా గట్టిది. చాలా కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగితే, అడిగినందువల్లే సీటు విషయంలో వెనకాడతాయి. పోనీ అని దరఖాస్తులో అడక్కుండా చేరితే, తర్వాత అడిగే అవకాశం చాలాచోట్ల ఉండదు. సాయం అడిగారా లేదా అన్నది పట్టించుకోకుండా సీటు తేల్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడన్, ఈ మధ్య బ్రౌన్, నోట్రడామ్. వీటిలో ప్రవేశం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

అందరూ మరిచిపోయే మూడో వర్గం ఒకటుంది: హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద, ఉన్న పిల్లలు. నాలుగో ఏట అమెరికా వచ్చి, అక్కడే అఆల బదులు ఏబీసీలు దిద్దుకుని, పన్నెండో తరగతి దాకా అక్కడే చదివినా, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయానికి వాళ్లు అర్హులు కారు. చాలా ప్రైవేటు కాలేజీలు సాయం విషయంలో వాళ్లను విదేశీయులుగానే లెక్కిస్తాయి. మరోపక్క టెక్సస్ లాంటి చోట్ల ఆ రాష్ట్రంవాళ్లు కట్టే తక్కువ ఫీజుకే చదివే వీలుంటుంది. అలాంటి ఇంట్లో తాంబూలాల ఆలోచనకన్నా ముందు రాష్ట్ర విశ్వవిద్యాలయం తేదీ చూసుకోవాలి. టెక్సస్ ఆస్టిన్‌లో ముందస్తు గడువు అక్టోబరు 15. అందరూ పాడుకునే నవంబరు 1 కన్నా పక్షం ముందన్నమాట. అక్కడ శాట్ కూడా తప్పనిసరి.

క్యాలెండర్ గోడకు తగిలించాక

డబ్బు సంగతి తేలాక తేదీలు వాటంతటవే సర్దుకుంటాయి. నవంబరు 1కి దరఖాస్తు వెళ్లాలంటే అక్టోబరు శాట్ చివరి అవకాశం. అంటే మొదటిసారి మే లేదా జూన్‌లో, రెండోసారి ఆగస్టులో రాసి, అక్టోబరును అత్యవసరానికి అట్టిపెట్టుకోవాలి. నవంబరు పరీక్షనూ ఒప్పుకునే కాలేజీలున్నాయి గానీ దాన్ని నమ్ముకుని వ్యాసాలు రాస్తూ కూర్చుంటే రెండూ చెడతాయి.

ఇంటర్ పిల్లలకు ఇక్కడో అనుకూలం ఉంది, ఎవరూ చెప్పరు. మార్చిలో మొదటి ఏడాది పరీక్షలయ్యాక, రెండో ఏడాది వేడెక్కక ముందు, మే-జూన్‌లో శాట్ ముగించవచ్చు. ఆగస్టు 1న, చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసే కామన్ యాప్ తెరుచుకుంటుంది. అక్కడే అసలు కష్టం. వాళ్లు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులు అడుగుతారు. మనకు తొమ్మిది, పది ఒక బడిలో, ఇంటర్ మరో చోట. కౌన్సెలర్ లేఖ అడుగుతారు. మన జూనియర్ కాలేజీల్లో ఆ ఉద్యోగమే ఉండదు, ప్రిన్సిపల్‌ను బతిమాలి రాయించుకోవాలి. జూన్‌లో అడిగితే సెప్టెంబరుకు కాగితం చేతికొస్తుంది. అక్టోబరు చివర్లో అడిగితే "దసరా సెలవుల తర్వాత రండి అన్నాం కదా, అప్పుడేం చేస్తున్నారు" అంటారు. ఆ బాధ పడలేనివాళ్లకు యూసీలు కొంత ఊరట. లేఖలు అడగవు, శాట్ చూడవు, నవంబరు 30 ప్రాంతంలో ఒకే గడువు. ఫీజు, వసతి, భోజనం కలిపి ఖర్చు మాత్రం బయటివాళ్లకు ఏడాదికి 75 వేల డాలర్లు దాటుతుంది.

జేఈఈ కూడా రాసే పిల్లలకైతే, ఎర్లీ యాక్షన్‌కు సీటు శాతాలతో సంబంధం లేని లాభం ఒకటుంది. రెగ్యులర్ గడువులు జనవరి మొదటి వారంలో, జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరి చివర్లో. ఒకే నెలలో ఎనిమిది కాలేజీల వ్యాసాలూ, ఆర్గానిక్ కెమిస్ట్రీ రివిజనూ పెట్టుకుంటే పిల్లాడు రెంటికీ చెడ్డ రేవడవుతాడు. నవంబరు 1కే నాలుగైదు ఎర్లీ యాక్షన్‌లు పడేస్తే డిసెంబరంతా పుస్తకాలకు దక్కుతుంది.

ఆ రెండు ఫోన్ల సంగతి ఏమైందంటే, ఫ్రిస్కో కుర్రాడి చేత కాలేజీల జాబితా కాగితం మీద రాయించాం. తొమ్మిది తేలాయి. ఆస్టిన్, పర్డ్యూ, జార్జియా టెక్, కార్నెల్ నాలుగింటికీ స్కోరు తప్పనిసరి. రెండు యూసీలు అసలు చూడవు. "పంపాలా, దాచాలా" అన్నది చివరికి మిషిగన్, రైస్, నార్త్‌వెస్టర్న్ మూడింటికే మిగిలింది. మిషిగన్ మధ్యశ్రేణిలో 1460 ఇమిడిపోతుంది, పంపాడు. మిగతా రెండింటిలో గీతలు 1500 పైన ఉన్నాయి, పంపలేదు. కార్నెల్ కోసం అక్టోబరులో మళ్లీ రాశాడు. హైదరాబాద్ బావమరిది ఆదివారం కూర్చుని లెక్కేసుకుని, ఏడాదికి 40 లక్షలకు మించి తనవల్ల కాదన్నాడు. ఎర్లీ డెసిషన్ ఫారం పక్కన పడేసి, పాపకు స్కాలర్‌షిప్ ఇచ్చే అవకాశమున్న మూడు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఎర్లీ యాక్షన్ వేయించాడు. కన్సల్టెన్సీ అతను మాత్రం ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడట, రెండో విడత తాంబూలాలకు జనవరి దాకా గడువుందని.